అబ్బా... ఏం పాటలు!

ఇంగ్లిషు పాట అనగానే మనకు అమెరికానో, ఇంగ్లండో గుర్తొస్తుంది. మెదక్ జిల్లా టేక్మాల్‌లో డిగ్రీ చదివే కుర్రాడిని అడిగినా, హైదరాబాద్ మాదాపూర్‌లో ఉద్యోగం చేసే అమ్మాయిని అడిగినా అదే మాట చెబుతారు. కానీ మనం ఏళ్ల తరబడి వింటున్న ఆ పాటల్లో చాలావాటి పుట్టిల్లు ఎక్కడో తెలుసా? ఏడాదిలో సగం రోజులు చలికి వణికే స్వీడన్, నార్వే, డెన్మార్క్! ఆ పాటల కథేంటో చూద్దాం రండి.

'బార్బీ గర్ల్' గుర్తుందా? 1997లో వచ్చిన ఈ పాటకు పుట్టినరోజు పార్టీల్లో, స్కూలు వార్షికోత్సవాల్లో గెంతులేసిన పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులైపోయారు. పాడిన 'ఆక్వా' బృందానిది డెన్మార్క్. కాలేజీ హాస్టల్లో గిటారు పట్టిన ప్రతి కుర్రాడూ ఒక్కసారైనా ప్రయత్నించే 'ఐ వాంట్ ఇట్ దట్ వే'ను పాడింది అమెరికా కుర్రాళ్లే. రాసి, బాణీ కట్టింది మాత్రం స్వీడన్ వాళ్లు. యూట్యూబ్‌లో 300 కోట్లకు పైగా వీక్షణలు దాటిన 'ఫేడెడ్' సృష్టికర్త అలన్ వాకర్ నార్వేలో పెరిగిన కుర్రాడు. ఆఖరికి మన ఫోన్లలో పాటలు వినిపించే స్పాటిఫై కూడా 2006లో స్టాక్‌హోంలో పుట్టిందే. అది మన దేశానికి వచ్చింది 2019లో.

తెలంగాణ జనాభా 2011 లెక్కల ప్రకారం మూడున్నర కోట్లు. స్వీడన్‌లో ఉన్నది కోటి పైచిలుకు. అంటే మనలో మూడో వంతు కూడా లేరు. వాళ్ల మాతృభాష ఇంగ్లిషూ కాదు. మరి ప్రపంచం మొత్తాన్ని ఎలా ఆడిస్తున్నారు?

నలుగురి పేర్లే బృందం పేరు

ఈ కథ 1974 ఏప్రిల్ 6న మొదలైందని చెప్పొచ్చు. ఆ రోజు ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో జరిగిన యూరోవిజన్ పోటీలో 'వాటర్లూ' పాటతో స్వీడన్ బృందం 'అబ్బా' గెలిచింది. మనం ఆశ్చర్యపోయినప్పుడు అనే 'అబ్బా' కాదిది! అగ్నెతా, బ్యోర్న్, బెన్నీ, అన్నీ-ఫ్రిడ్... ఈ నలుగురి పేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు. విచిత్రమేంటంటే అప్పటికే స్వీడన్‌లో చేపలు డబ్బాల్లో నింపి అమ్మే ఓ కంపెనీ పేరూ అదే. వాళ్ల అనుమతి అడిగి మరీ ఆ పేరు వాడుకున్నారు.

వాళ్ల గాలి మన దేశానికీ వీచింది. అబ్బా 1975లో చేసిన 'మమ్మా మియా' ట్యూనునే ఆర్డీ బర్మన్ 1977 నాటి హిందీ సినిమా 'హమ్ కిసీసే కమ్ నహీ'లో 'మిల్ గయా హమ్‌కో సాథీ'గా మార్చేశాడు. అంటే అబ్బా పేరు కూడా వినని మన నాన్నలూ, బాబాయిలూ ఆ ట్యూను ఎప్పుడో కూనిరాగం తీసేసి ఉంటారన్నమాట.

1982 తర్వాత విడిపోయిన ఆ నలుగురూ దాదాపు నలభై ఏళ్లకు, 2021లో మళ్లీ కొత్త ఆల్బమ్ తెచ్చారు. 2022 మే నుంచి లండన్‌లో వాళ్ల కచేరీ మొదలైంది. వేదిక మీద కనిపించేది మనుషులు కాదు, యవ్వనంలోని వాళ్లలా తయారుచేసిన డిజిటల్ రూపాలు!

కారులో ఇరుక్కున్న క్యాసెట్

అబ్బా తర్వాత రాక్సెట్, యూరప్, ఎ-హా లాంటి బృందాలు వచ్చాయి. అసలు మలుపు మాత్రం ఓ క్యాసెట్ వల్ల వచ్చింది. స్టాక్‌హోంలో డెన్నిజ్ పాప్ అనే డీజే ఉండేవాడు. ఏ వాయిద్యమూ సరిగా రాదు. కానీ ఏ పాటకు జనం లేచి ఆడతారో బాగా తెలుసు. ఓ కొత్త బృందం అతనికి క్యాసెట్ పంపింది. అంతగా నచ్చలేదు. కానీ అది అతని కారు టేప్‌రికార్డర్‌లో ఇరుక్కుపోయింది! బయటకు రాదు, వేరే క్యాసెట్ పెట్టడానికి లేదు. చేసేది లేక రోజూ అదే విన్నాడు. వినగా వినగా అందులో ఏదో ఉందనిపించింది. దానికి మెరుగులు దిద్దితే 1992లో 'ఆల్ దట్ షి వాంట్స్' అయింది. 'ఏస్ ఆఫ్ బేస్' పేరు దేశదేశాలా మోగిపోయింది.

1998 ఆగస్టులో డెన్నిజ్ 35 ఏళ్లకే క్యాన్సర్‌తో కన్నుమూశాడు. అదే ఏడాది అతని శిష్యుడు మాక్స్ మార్టిన్ రాసిన '...బేబీ వన్ మోర్ టైమ్' బ్రిట్నీ స్పియర్స్‌ను రాత్రికి రాత్రే తారను చేసింది. ఆ పాటను ముందు టీఎల్‌సీ అనే అమెరికా బృందానికి ఇస్తే వద్దన్నారు! ఆ తర్వాత కేటీ పెర్రీ, టేలర్ స్విఫ్ట్, ద వీకెండ్... అందరికీ మార్టిన్ చెయ్యి తగిలింది. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరిన అతని పాటలు పాతిక దాటాయి. అయినా వీధిలో ఎదురైతే గుర్తుపట్టేవాళ్లు తక్కువ.

కొరియా పాటలంటే చెవి కోసుకునే అమ్మాయిలకూ ఓ మాట. 'గర్ల్స్ జనరేషన్' పాడిన 'జీనీ' నార్వే వాళ్లు కట్టిన పాట. 'రెడ్ వెల్వెట్' పాడిన 'రెడ్ ఫ్లేవర్' వెనక ఉన్నది స్వీడన్ వాళ్లు.

ట్యూను ముందు, మాట తర్వాత

వాళ్ల రహస్యం మన సినిమా పాట తెలిసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. మన దగ్గర సంగీత దర్శకుడు ముందు ట్యూను ఇస్తాడు, దానికి సరిపోయేలా కవి మాటలు పొదుగుతాడు. మాక్స్ మార్టిన్ పద్ధతీ దాదాపు అదే. ట్యూనులో ఎన్ని అక్షరాలు పడతాయో అన్నే ఉండాలి, ఒక్కటి ఎక్కువైనా ఒప్పుకోడు. పల్లవి త్వరగా రావాలి, ఒక్కసారి వింటే నోటికి పట్టాలి.

ఇంకో విశేషమూ ఉంది. పాట హుషారుగానే ఉంటుంది, కాళ్లు కదులుతూనే ఉంటాయి. కానీ లోపలెక్కడో చిన్న దిగులు. డిసెంబరులో స్టాక్‌హోంలో మధ్యాహ్నం మూడింటికే చీకటి పడుతుంది. ఆ దేశాల జానపదాల్లోనూ ఆ దిగులు జీర వినిపిస్తుంది. మన బతుకమ్మ పాట తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. చప్పట్లు చరుస్తూ, గుండ్రంగా తిరుగుతూనే పుట్టింటి మీద బెంగను పాడుకునే ఆడపడుచులు మన ఊరూరా ఉన్నారు కదా!

మొదట ఏవి వినాలి?

ఆదివారం పూట ఇంటిల్లిపాదీ కూర్చుని వినడానికి కొన్ని పాటలివి.

'డాన్సింగ్ క్వీన్' (అబ్బా, 1976): ఇక్కడ మొదలుపెట్టండి. ఇంట్లో పెద్దలకూ నచ్చుతుంది.

'టేక్ ఆన్ మి' (నార్వే బృందం ఎ-హా, 1985): వీడియోతో సహా చూడాలి. పెన్సిల్ బొమ్మల్లోంచి నాయకుడు నడిచి వస్తాడు.

'ఇట్ మస్ట్ హావ్ బీన్ లవ్' (రాక్సెట్): 1987లో క్రిస్మస్ పాటగా పుట్టింది. 1990లో 'ప్రెటీ ఉమన్' సినిమాలో చేరి ప్రపంచమంతా తిరిగింది. గాయని మరీ ఫ్రెడ్రిక్సన్ 2019లో కన్నుమూసింది.

'డాన్సింగ్ ఆన్ మై ఓన్' (రాబిన్, 2010): పైన చెప్పిన హుషారు, దిగులు రెండూ ఒక్క చోట కావాలంటే ఇదే.

'వేక్ మి అప్' (అవీచీ, 2013): ఇతని అసలు పేరు టిమ్ బెర్గ్‌లింగ్. బౌద్ధులు చెప్పే 'అవీచి' నరకం పేరునే తన పేరుగా పెట్టుకున్నాడు. ఊపిరి సలపని కచేరీలతో అలసి 2016లో వాటిని మానేశాడు. 2018లో 28 ఏళ్లకే ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు అతని కుటుంబం యువత మానసిక ఆరోగ్యం కోసం ఓ సంస్థ నడుపుతోంది.

'7 ఇయర్స్' (లూకస్ గ్రాహమ్, 2015): డెన్మార్క్ పాట. ఏడేళ్ల పిల్లాడి నుంచి అరవై ఏళ్ల మనిషి దాకా ఒక జీవితం.

'హొప్పిపొల్లా' (సిగుర్ రోస్, 2005): పక్కనున్న ఐస్‌లాండ్‌ది. పేరుకు అర్థం నీటి గుంటల్లో గెంతడం. కొన్నిచోట్ల అసలు ఏ భాషా కాని, అర్థం లేని శబ్దాలే పాడతారు. అయినా మనసు తడుస్తుంది.

బడిలో దొరికిన బూర

ఇంత చిన్న దేశం నుంచి ఇంతమంది ఎలా వచ్చారంటే అక్కడివాళ్లు ముందుగా చెప్పేది బడి గురించి. స్వీడన్‌లో 1940ల నుంచీ ఊరూరా పురపాలక సంగీత పాఠశాలలు పెరుగుతూ వచ్చాయి. బడి అయ్యాక పిల్లలు అక్కడికి వెళ్తారు. ఫీజు తక్కువ. వాయిద్యం కొనక్కర్లేదు, అరువిస్తారు. మాక్స్ మార్టిన్ అలా చిన్నప్పుడు ఫ్రెంచ్ హారన్ అనే బూర నేర్చుకున్నాడు. తన ఎదుగుదలకు ఆ ప్రభుత్వ సంగీత విద్యే కారణమని ఎన్నోసార్లు చెప్పాడు. కాస్త పెద్దయి బృందం కట్టుకున్న కుర్రాళ్లకు సాధన చేసుకోవడానికి గదులిచ్చే సంఘాలూ ఉన్నాయి, వాటికి ప్రభుత్వ సాయమూ ఉంది.

మరి మన దగ్గర? పాటకు కరువు లేదు. బతుకమ్మ, ఒగ్గుకథ, భజన, డప్పు... మెదక్ పల్లెల్లో పుట్టిన పిల్లలు పాట వింటూనే పెరుగుతారు. సికింద్రాబాద్‌లో భక్త రామదాసు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల లాంటి మంచి సంస్థలూ ఉన్నాయి. కానీ టేక్మాల్‌లో ఏడో తరగతి చదివే పిల్లకు హార్మోనియం నేర్చుకోవాలని ఉంటే రోజూ బస్సెక్కి పట్నం పోలేదు కదా! ఆ పిల్లకు కావాల్సింది సాయంత్రం బడి విడిచిపెట్టాక ఒక గది, ఒక మాస్టారు, అరువుకో వాయిద్యం. చలిదేశాల వాళ్లు చేసిందీ అంతకు మించి ఏమీ కాదు. పంచాయతీ వాళ్లో, బడి కమిటీ వాళ్లో, ఊరు విడిచి వెళ్లి బాగా స్థిరపడినవాళ్లో తలచుకుంటే అదేమంత పెద్ద ఖర్చూ కాదు.

అందాకా పై పాటలు వినండి. మీ ఇంట్లో చిన్నవాళ్లెవరైనా విన్న వెంటనే బల్ల మీద దరువు వేస్తే 'చదువుకోరా' అని కసరకండి. కాసేపు వేయనివ్వండి!