గడ్డిని గుర్తుపట్టడం ఎలా? దక్కను బీళ్ళలో తొలి పాఠాలు

వర్షాలు వెనుకపట్టి ఆశ్వయుజ, కార్తీక మాసాలు వచ్చేసరికి దక్కను పీఠభూమిలోని బీళ్ళు, గుట్టల వాలులు ఏపుగా పెరిగిన గడ్డితో నిండిపోతాయి. దూరం నుంచి చూసేవారికి అదంతా ఒకే గడ్డి. దగ్గరకు వెళితే అనేక జాతులు కలగలిసి కనిపిస్తాయి. చెట్లను, పక్షులను పేరుపేరునా చెప్పగలిగినవారు కూడా గడ్డి విషయంలో వెనుకాడతారు. ఆకర్షించే పూలు ఉండవు, ఆకులన్నీ ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. ప్రపంచంలో గడ్డి కుటుంబానికి చెందిన జాతులు 11 వేలకు పైగా ఉన్నాయని తెలిస్తే ఆ జంకు మరింత పెరుగుతుంది.

అయితే పంటపొలాలు చూసి పెరిగినవారికి సగం పాఠం ముందే తెలుసు. వరి, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, చెరకు, చివరకు వెదురు కూడా ఈ కుటుంబానివే. గడ్డిని గుర్తించడానికి ప్రధానమైన ఆధారం ఆకు కాదు, కంకి. వరి వెన్ను కొమ్మలు కొమ్మలుగా విడివడి వంగుతుంది. సజ్జ కంకిలో గింజలు ఒకే కాడ చుట్టూ బిగువుగా అమరి ఉంటాయి. రాగి కంకి ఒకే చోటు నుంచి చీలిన వేళ్ళలా ఉంటుంది. బీటిలో దొరికిన గడ్డి కంకిని ఈ మూడింటితో పోల్చి చూడడమే మొదటి మెట్టు. ఏ పోలికకూ లొంగనివి కొన్ని ఉంటాయి, వాటిని తొలి ఏడాది వదిలేసినా నష్టం లేదు.

అంతకంటే ముందు, చేతిలో ఉన్నది గడ్డేనా అన్నది తేల్చుకోవాలి. తడి నేలల్లో పెరిగే తుంగను చాలామంది గడ్డిగా పొరబడతారు. కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉంచి తిప్పితే తేడా తెలిసిపోతుంది. తుంగ కాడ సాధారణంగా మూడు పలకలుగా ఉంటుంది, గణుపులు స్పష్టంగా కనిపించవు. గడ్డి కాడ గుండ్రంగా, గణుపులతో ఉంటుంది. తుంగ ఆకులు మూడు వరుసల్లో, గడ్డి ఆకులు రెండు వరుసల్లో వస్తాయి.

తరువాతి పరిశీలన గణుపు దగ్గర. వినాయకుడి పూజకు తెచ్చే గరిక అందరికీ తెలిసినదే. నేలపై పాకి, గణుపుగణుపునా వేళ్ళు దిగి, చివర నాలుగైదు సన్నని వేళ్ళవంటి కంకులు వేస్తుంది. పశువులకు ప్రీతికరమైన డైకాంథియం యాన్యులేటం అనే గడ్డి కంకులు కూడా చూపుకు అలాగే వేళ్ళలా విడివడతాయి. కానీ దాని గణుపుల చుట్టూ తెల్లని నూగు వలయంలా ఉంటుంది, గరికకు అది ఉండదు. ఆకు ఒరను కాడ నుంచి మెల్లగా విడదీస్తే, ఆకు, ఒర కలిసే చోట చిన్న పొర గానీ వెంట్రుకల వరుస గానీ కనిపిస్తుంది. దీన్ని జిహ్విక అంటారు. కంకి లేని కాలంలో ఇదే దిక్కు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఒకటి ఉంటే చాలు.

మెట్ట బీళ్ళలో తొలి ఏడాదే పట్టుబడే గడ్డి మరికొన్ని ఉన్నాయి. గింజకు మూడేసి శూకాలు ఉంటే అది అరిస్టిడా. ఇళ్ళలో వాడే ఒక రకం చీపురు ఈ ప్రజాతి గడ్డితోనే కడతారు. గుత్తిగుత్తిగా ముదురు రంగు శూకాలు ఒకదానికొకటి మెలివేసుకుని ఉంటే అది హెటెరోపోగాన్ కంటోర్టస్. తడిసినప్పుడూ ఆరినప్పుడూ ఆ శూకం మెలితిరిగి గింజను నేలలోకి దించుతుంది. అదే గింజ గొర్రె ఉన్నిలోకి, చర్మంలోకి కూడా దిగుతుంది. బంగారు రంగు నూగుతో కొమ్మ కొమ్మ చివరా మూడేసి చిరుకంకులు మెరిస్తే అది క్రైసోపోగాన్ ఫల్వస్, వట్టివేరుకు దగ్గరి చుట్టం. నలిపితే నిమ్మగడ్డి వాసన వచ్చేవి సింబోపోగాన్ జాతులు.

ఊరి పేర్లతోనే సరిపెట్టుకోవడం మాత్రం కష్టం. దర్భ అనే పేరు ఒకచోట డెస్మోస్టాకియాకు, మరోచోట ఇంపెరాటాకు చెల్లుతుంది. కొండచీపురు, బీటి చీపురు బొత్తిగా వేర్వేరు మొక్కలు. శాస్త్రీయ నామాన్ని పక్కనే రాసుకోవడం అందుకే అవసరం.

ఈ అభ్యాసం వల్ల ఒరిగేది పేర్లు కంఠస్థం కావడం మాత్రమే కాదు. దబడ్‌ఘావ్, శంకరనారాయణ్ 1973లో ప్రచురించిన గ్రంథం దేశంలోని గడ్డి భూములను ఐదు రకాలుగా విభజించింది. దక్కనులోని బీళ్ళు అందులో సెహిమా-డైకాంథియం రకానికి చెందుతాయి. ఏళ్ళ తరబడి మితిమీరి మేపితే సెహిమా తగ్గి హెటెరోపోగాన్ పెరుగుతుంది, ఇంకా మేపితే అరిస్టిడా మిగులుతుంది. అంటే ఆ మూడింటిని గుర్తుపట్టగలిగినవారు ఆ నేల పడిన శ్రమను చదవగలరు.

హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం సహకారంతో కేంద్ర భూవనరుల విభాగం ప్రచురించే అట్లాస్‌లో ఇలాంటి భూములు అనేకం ‘నిరుపయోగ’ భూములుగా నమోదయ్యాయి. ఆ ముద్ర పడిన నేలలో మొక్కలు నాటే పథకాలు రావడానికి ఆలస్యం ఉండదు. బట్టమేక పిట్టకు మాత్రం చెట్లు పెరిగిన బీడు పనికిరాదు. నేల మీదే గుడ్డు పెట్టే ఆ పక్షికి నాలుగు వైపులా చూపు ఆనే చోటు కావాలి. దాని కోసమే 1988లో నేటి నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడును అభయారణ్యంగా ప్రకటించారు. 2011 నుంచి అది అంతరించే ప్రమాదం అత్యధికంగా ఉన్న పక్షుల జాబితాలో ఉంది.

కొత్తగా నేర్చుకునేవారికి అక్టోబరు, నవంబరు అనువైన కాలం. కంకులు పండి రాలకముందే కాడను గణుపులతో సహా కోసి, పాత వార్తాపత్రికల మధ్య బరువు కింద ఆరబెట్టాలి. తేదీ, ఊరు, నేల రంగు పక్కన రాయాలి. వీలైతే ఆ బీటిలో గొర్రెలు కాసేవారిని అడిగి, వారు ఆ గడ్డిని ఏమంటారో, మంద దాన్ని ఏ నెలలో ఇష్టంగా మేస్తుందో, ఏ నెలలో ముట్టదో కూడా రాసుకోవాలి.