బేరింగు అరిగిపోదు, తడిసిపోతుంది

ఏటీవీ వెనక చక్రం ఊగుతోందంటే షెడ్డులో వినిపించే మాట ఒకటే: బేరింగు అరిగింది, మార్చాలి. మార్చాలన్నది నిజమే. అరిగిందన్నదే చాలాసార్లు తప్పు. ఆ తప్పు వల్లే కొత్త బేరింగు కూడా కొన్ని నెలల్లో అదే దారి పడుతుంది. బురదలో, ఇసుకలో, రాళ్లదారుల్లో తిరగడానికి చేసిన ఈ బండ్లలో హోండా టీఆర్ఎక్స్ 400 ఈఎక్స్, యమహా రాప్టర్ 700 వంటి స్పోర్ట్ రకాలకు వెనక రెండు చక్రాలకూ కలిపి ఒకటే ఉక్కు ఇరుసు ఉంటుంది. కారుకుండే డిఫరెన్షియల్ ఉండదు. ఎడ్లబండిలో ఇరుసు కదలదు, చక్రం దాని మీద తిరుగుతుంది. ఇక్కడ చక్రాలతో పాటు ఇరుసే తిరుగుతుంది. దాన్ని మోసేది, ఇరుసును బండి చట్రానికి కలిపే స్వింగ్ ఆర్మ్ చివరనున్న గొట్టంలాంటి హౌసింగు, అందులో కూర్చున్న రెండు బేరింగులు. ఆ రెంటి మధ్య జానెడు దూరం కూడా ఉండదు. చక్రాలు మాత్రం చెరో పక్క సుమారు మూరెడు దూరాన వేలాడుతుంటాయి.

ఇంత బరువైన పని చేసే బేరింగు అరగడంలో వింతేముంది అనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే వింతే. గుండ్ల బేరింగు ఎన్నాళ్లు నిలుస్తుందో అంచనా కట్టే సూత్రాన్ని 1947లో స్వీడన్‌కు చెందిన లుండ్‌బర్గ్, పామ్‌గ్రెన్ ఇచ్చారు. బేరింగుకున్న సామర్థ్యాన్ని దాని మీద పడే భారంతో భాగించి, వచ్చినదాన్ని ఘనం చేస్తే, అది ఎన్ని పది లక్షల చుట్లు తిరుగుతుందో తెలుస్తుంది. నూటికి తొంభై బేరింగులు అక్కడిదాకా నిలుస్తాయని దాని అర్థం. ఉదాహరణకు 6206 బేరింగునే తీసుకుందాం. చివరి రెండంకెలను ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం కొలత వస్తుంది, 30 మిల్లీమీటర్లు. దాని సామర్థ్యం ఇంచుమించు 20,000 న్యూటన్లు. మనిషితో సహా బండి బరువులో వెనక్కి 200 కిలోలు పడుతుందనుకుంటే ఒక్కో బేరింగు వాటా 100 కిలోలు, అంటే దాదాపు 1,000 న్యూటన్లు. ఇరవైని ఘనం చేస్తే ఎనిమిది వేలు, అంటే 800 కోట్ల చుట్లు. టైరు ఒక్క చుట్టుకు 1.6 మీటర్లు సాగుతుందనుకుంటే కోటీ ఇరవై ఎనిమిది లక్షల కిలోమీటర్లు. చంద్రుడి దాకా పదహారుసార్లు వెళ్లి రావచ్చు.

ఇది కాగితం మీది లెక్క, బండి రాళ్ల మీద ఎగిరిపడుతుంది కదా అని ఎవరైనా అడిగితే న్యాయమే. పైగా మూరెడు దూరాన ఉన్న చక్రానికి తగిలిన దెబ్బ, దగ్గరదగ్గరగా ఉన్న బేరింగుల దగ్గరికొచ్చేసరికి గునపంతో బండరాయి లేపినట్టు నాలుగింతలు దాటుతుంది. సరే, భారం ఐదింతలనుకుందాం. అదీ ఎప్పుడో ఒకసారి కాదు, ప్రతి చుట్టులోనూ. అప్పుడు కూడా ఆరు కోట్ల నలభై లక్షల చుట్లు, లక్ష కిలోమీటర్ల పైమాటే. లక్ష కిలోమీటర్లు తిరిగిన స్పోర్ట్ ఏటీవీ ఎక్కడైనా ఉంటే మ్యూజియంలో పెట్టాలి! బేరింగులు అంతకు ఎంతో ముందే పోతున్నాయి. అంటే వాటిని చంపుతున్నది బరువు కాదు. సూత్రంలో చోటు దక్కనిది ఇంకేదో ఉంది.

అది నీరు. సీలు అంటే రబ్బరు పెదవి, అంతే. గ్రీజును లోపల, దుమ్మును బయట ఉంచడం దాని పని. నీళ్ల ఒత్తిడిని ఆపడానికి దాన్ని చేయలేదు. గంటసేపు తిరిగి వేడెక్కిన హౌసింగు ఒక్కసారిగా చల్లటి వాగులో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, సీలు అంచు సందుల్లోంచి నీటిని పీల్చుకుంటుంది. బండి దిగాక బురద వదిలించడానికి పట్టే ప్రెషర్ వాషర్ ఇంకా ప్రమాదం. వంద బార్ల ఒత్తిడితో వచ్చే ఆ ధారను సీలుకు ఎదురుగా పెడితే నీటిని చేత్తో లోపలికి నెట్టినట్టే. సముద్రపు ఒడ్డున తిరిగే బండికైతే ఉప్పు కూడా తోడవుతుంది. చాలా కొద్ది నీరే చాలు. టేపర్ రోలర్ బేరింగుల మీద చేసిన పరీక్షల ఫలితాలను 1977లో కాంట్లీ అనే పరిశోధకుడు ప్రచురించాడు. నూనెలో నీరు పది లక్షల భాగాలకు 100 భాగాల నుంచి 400 భాగాలకు పెరిగితే బేరింగు ఆయుష్షు సగానికి పైగా తగ్గింది. అది నూనె, ఇక్కడిది గ్రీజు, అంకెలు అచ్చంగా అవే ఉండవు. కానీ లోహం మీద నిలవాల్సిన పలచటి పొరను నీరు చెడగొట్టే తీరు ఒకటే. ఆ తర్వాత తుప్పు, తుప్పు రజను, ఆ రజనుతో రాపిడి.

చచ్చిన బేరింగును కోసి చూస్తే సాక్ష్యం అక్కడే దొరుకుతుంది. దెబ్బలకు పోయినదైతే గుండ్లు తిరిగే గాడిలో గుండుకీ గుండుకీ మధ్య దూరంతో సమానంగా సొట్టలుంటాయి. నిజంగా అలిసిపోయినదైతే గాడిలో లోహం పెచ్చులుగా లేచి, మిగిలిన చోటు మెరుస్తూనే ఉంటుంది. నీటికి పోయినదైతే గ్రీజు పాలు కలిపిన కాఫీ రంగుకు తిరుగుతుంది, గాడి అంతా మసకబారి ఎర్రటి తుప్పు మరకలు పట్టి ఉంటుంది.

ఇక రోగం కనిపెట్టడం. కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతం అని సామెత. ఎడ్లబండి విషయంలో అది నిజం, ఏటీవీలో మాత్రం ఇంజను, చైను, టైర్ల మోతలో బేరింగు సంగీతం చివరిదాకా వినపడదు. చెవికంటే చెయ్యి నయం. వెనక భాగాన్ని జాకీతో లేపి స్టాండు మీద నిలిపి, ఒక చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఊగిందా లేదా అన్నదానికంటే ఆట ఎక్కడ పుడుతోందన్నది ముఖ్యం. ఇరుసు కదలకుండా చక్రమే కదిలితే హబ్ నట్టు వదులైంది, లేదా హబ్‌లోని పళ్లు అరిగాయి. ఇటు చక్రం లేస్తుంటే అటు చక్రం దిగుతూ ఇరుసు హౌసింగులోనే తూగితే బేరింగులు పోయాయి. స్వింగ్ ఆర్మ్ మొత్తం కదిలితే జబ్బు దాని మొదట్లో, ముందు వైపు ఉంది. చక్రం తిప్పినప్పుడు అంచు ఇటూ అటూ సొట్టగా తిరిగితే బేరింగు కాదు, ఇరుసో రిమ్మో వంగింది. ఆట ఏమీ దొరక్కపోతే చైను, బ్రేకు కాలిపర్ విప్పి ఇరుసును వేళ్లతో నెమ్మదిగా తిప్పాలి. ఇసుక నలిగినట్టు గరగర తగిలితే ఇక ఆగనక్కర్లేదు.

మార్చేటప్పుడు ఒకవైపుదే పోయింది కదా, ఒకటే మారిస్తే చాలదా అంటారు. రెండూ తాగింది ఒకే హౌసింగులోని నీరు. రెండిటినీ, వాటితో పాటు సీళ్లనూ మార్చాలి. పాత సీలుతో కొత్త బేరింగు వేయడం చిల్లు పూడ్చకుండా కుండలో నీళ్లు పోయడం లాంటిది. ఇరుసు మీద సీలు రాసుకునే చోట గోటితో గీరి చూడాలి, గోరు గాడిలో పడితే కొత్త సీలు కూడా ఆగదు. బేరింగు కూర్చునే చోట ఇరుసు అరిగి లోపలి రింగు జారుతుంటే ఇరుసూ మార్చాల్సిందే. ఖర్చే, కానీ అది తప్పించుకుంటే మళ్లీ ఇదే పని.

హౌసింగులోకి ఎక్కించేటప్పుడు బలం బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బ గుండ్ల గుండా గాడిలోకి దిగి, బండి కదలకముందే సొట్టలు వేస్తుంది. సుత్తికంటే ఫ్రీజరు మేలు. 62 మిల్లీమీటర్ల బేరింగు 50 డిగ్రీలు చల్లబడితే 0.03 మిల్లీమీటర్లకు పైగా కుదించుకుంటుంది. హౌసింగు అల్యూమినియందైతే, దాన్ని 70 డిగ్రీలు వేడి చేస్తే రంధ్రం 0.1 మిల్లీమీటరు పెరుగుతుంది. ఆ మాత్రం సందు చాలు. రెండు బేరింగుల మధ్య ఉండే స్పేసర్ గొట్టాన్ని మరవకూడదు. అది లేకుండా నట్టు బిగిస్తే ఆ బిగువంతా గుండ్ల మీదే పడుతుంది.

నీటిని ఆపడానికి కొత్త బేరింగులో గ్రీజు నిండా దట్టిస్తే వేడెక్కుతుందన్న అభ్యంతరం ఉంది. నిమిషానికి 1,440 చుట్లు తిరిగే పంపు మోటారు విషయంలో ఆ జాగ్రత్త సరైనదే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కూడా ఈ ఇరుసు తిరిగేది నిమిషానికి 625 చుట్లు. కాబట్టి రబ్బరు సీలు మెల్లగా లేపి నీటికి తట్టుకునే గ్రీజు నిండుగా పెట్టుకోవచ్చు. గ్రీజున్న చోట నీటికి చోటుండదు.

పాత బేరింగును చెత్తలో వేసే ముందు మాత్రం దాని సీలు ఊడదీసి, లోపలి గ్రీజు రంగు ఒకసారి చూడండి.