చుట్టాల ఊరికి సైకిలు ప్రయాణం

సైకిలుపై వెళ్లి ఒక రాత్రి వేరే ఊళ్లో ఉండి మర్నాడు తిరిగి వచ్చే ప్రయాణానికి గుడారం, వంటసామగ్రి కావాలని చాలామంది అనుకుంటారు గాని, చుట్టాల ఇల్లే మజిలీ అయితే ఆ బరువంతా తప్పుతుంది కనుక, కొత్తవారికి ఇంతకంటే అనువైన ఆరంభం లేదు. ఏలూరు నుంచి భీమడోలు మీదుగా తాడేపల్లిగూడేనికి సుమారు 50 కిలోమీటర్లు. నేల దాదాపు చదునే కాబట్టి, గంటకు 12 కిలోమీటర్ల చొప్పున తొక్కినా విశ్రాంతితో కలిపి ఐదారు గంటల్లో చేరవచ్చు.

ఈ దారిలో లెక్కలోకి తీసుకోవలసింది గాలి. శీతాకాలంలో ఈశాన్యం నుంచి వీచే గాలి గూడెం వెళ్లేవారికి ఎదురై, తిరుగు ప్రయాణంలో వెనక నుంచి సాయపడుతుంది గనుక, మొదటిరోజు తెల్లవారగానే బయలుదేరడం మేలు. పెడలు పూర్తిగా కిందికి దిగినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేలా సీటు ఎత్తు సరిచూసుకోవాలి. సామాను వీపున మోయక, క్యారియర్‌కు ఇరువైపులా వేలాడే సంచుల్లో సమంగా సర్దాలి. అదనపు ట్యూబు, పంపు, లారీల రద్దీ ఉండే 16వ నంబరు జాతీయ రహదారిపై కనిపించేలా వెనక ఎర్రలైటు తప్పనిసరి. మర్నాడు పొద్దున్నే బయలుదేరతామని పిన్నిగారికో అత్తయ్యగారికో ముందే చెప్పకపోతే, టిఫిన్లు, కబుర్లు ముగిసేసరికి ఎండెక్కుతుంది.

కైకలూరులో స్నేహితులున్నవారికి మరింత అందమైన దారి, ఏలూరు నుంచి కొల్లేటి మధ్యగా సాగే రోడ్డు. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సార్ ప్రదేశంగా, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సులో, కైకలూరు పక్కనే ఉన్న ఆటపాక వద్ద గూడబాతులు చెట్లపైనా, ఇనుప స్టాండ్లపైనా గూళ్లు కట్టుకుంటాయి. వరదల కాలంలో చినఎడ్లగాడి దగ్గర రోడ్డు మునుగుతూ ఉంటుంది కాబట్టి, ఈ ప్రయాణాన్ని చలికాలానికే ఉంచుకోవాలి.