ఆకాశం అంత ఖాళీగా ఉంటే విమానాలు ఎట్లా గుద్దుకుంటాయి?



మన మాచర్ల మండలం విజయపురి సౌత్‌లో ఒక ఎయిర్‌స్ట్రిప్ ఉంది. అక్కడ చిన్న శిక్షణ విమానాలు లేవటం, దిగటం సాగర్ వైపు తండాల వాళ్ళు చూసే ఉంటారు. అక్కడ లేచిన ఒక విమానం 2022 ఫిబ్రవరి 26న కృష్ణ అవతల, పెద్దవూర మండలం పొలాల్లో కూలింది. ఒంటరిగా నడుపుతున్న శిక్షణ విద్యార్థిని చనిపోయింది. అది దేన్నీ గుద్దుకున్న విమానం కాదు. కానీ దాని గురించి మాట్లాడుకుంటుంటే మా గదిలో వాదన పుట్టింది. అంత పెద్ద ఆకాశంలో రెండు విమానాలు గుద్దుకోవటం జరిగే పనేనా అని.

జరిగే పనే. 2025 జులై 8న కెనడాలో స్టైన్‌బాక్ అనే ఊరి దగ్గర రెండు చిన్న సెస్నా విమానాలు గాల్లోనే గుద్దుకున్నాయి. ఒక్కోదాంట్లో ఒక్కో విద్యార్థి. ఒకతను మన కేరళ అబ్బాయి, ఇంకొకామె ఆ దేశపు అమ్మాయి. ఇద్దరూ దిగటానికే వస్తున్నారు. రెంటిలోనూ రేడియోలు ఉన్నాయి. ఒకరినొకరు చూసుకున్నట్టు లేదని నేర్పే స్కూలు వాళ్ళు చెప్పారు. ఇద్దరూ పోయారు.

ఆకాశం పెద్దదే, రన్‌వే చిన్నది. శివరాత్రికి ప్రభలన్నీ కోటప్పకొండకే చేరినట్టు విమానాలన్నీ రన్‌వే చుట్టే చేరతాయి. అందుకే ఇట్లాంటి ప్రమాదాలు ఎక్కువగా పట్టపగలు, మబ్బు లేనప్పుడు, ఎయిర్‌ఫీల్డ్ దగ్గరే జరుగుతాయి.

మరి పట్టపగలు ఎందుకు కనపడదు? ఇదే అసలు సంగతి. మన కన్ను కదిలేదాన్ని వెంటనే పట్టుకుంటుంది, కదలనిదాన్ని వదిలేస్తుంది. క్రికెట్‌లో పైకి లేచిన బంతిని గుర్తు తెచ్చుకోండి. అది పక్కకి జరుగుతూ కనపడితే మన దగ్గరికి రాదు. ఒకేచోట నిలబడి పెద్దదవుతుంటే సరిగ్గా మన మొహం మీదకే వస్తున్నట్టు. గుద్దబోయే విమానం కూడా అంతే. అద్దం మీద దోమ వాలినట్టు కదలని చుక్కలా ఉంటుంది. చాలాసేపు చుక్కే, చివరి రెండు మూడు సెకన్లలో ఒక్కసారిగా పెద్దదవుతుంది.

లెక్క వేసి చూశాను. రెండూ గంటకు 180 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వస్తే, వాటి మధ్య దూరం సెకనుకు 100 మీటర్లు తగ్గిపోతుంది. కిలోమీటరున్నర దూరంలో చూస్తే మిగిలేది 15 సెకన్లు. చూసి, అది విమానమేనని పోల్చుకుని, ఎటు తిప్పాలో అనుకుని, తిప్పితే అది తిరిగేసరికి 12.5 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన శాఖ చెప్తుంది. ఇంక చేతిలో ఉండేది రెండున్నర సెకన్లే.

ఇంకో చిక్కు ఏందంటే, సెస్నాకి రెక్క పైన ఉంటుంది, కాబట్టి పైన ఏముందో కనపడదు. కొన్ని విమానాలకు రెక్క కింద ఉంటుంది, వాటికి కింద ఏముందో కనపడదు. ఆ రెండో రకం పైన, సెస్నా కింద ఒకే దారిలో దిగుతుంటే ఎవరికీ ఎవరూ కనపడరు!

అందుకని నేర్చుకునేవాళ్ళకి చూడటం కూడా పాఠమే. ఊరికే తల తిప్పుతూ పోతే ఏమీ కనపడదు. ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా చెయ్యాలి. ఒక్కో ముక్క దగ్గర కనీసం ఒక సెకను కన్ను ఆపి, తర్వాత ముక్కకి పోవాలి. ముక్క ఎంతంటే, చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి కప్పినంత. మలుపు తిరిగేముందు తిరిగే వైపు తప్పకుండా చూడాలి.

పెద్ద విమానాల్లో అయితే దగ్గరికి వచ్చే విమానాన్ని కనిపెట్టి హెచ్చరించే యంత్రం ఉంటుంది. 1996 నవంబర్ 12న హర్యానాలో చర్ఖీ దాద్రి దగ్గర రెండు పెద్ద విమానాలు గుద్దుకుని 349 మంది చనిపోయారు. ఆ తర్వాతే మన దేశంలో దాన్ని తప్పనిసరి చేశారు. చిన్న శిక్షణ విమానాల్లో చాలావాటికి అది ఉండదు, కళ్ళే దిక్కు.

చూసినాక ఏం చెయ్యాలో కూడా రూలు ఉంది. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికే తిప్పాలి. మన రోడ్డు మీద ఎడమకి జరుగుతాం కదా, అక్కడ తిరగేసి. అడ్డంగా వస్తుంటే ఎవరికి అవతలి విమానం కుడివైపున ఉందో వాళ్ళే దారి ఇవ్వాలి.