వెళ్లగొట్టారు, తలుపు మూయలేదు

బ్రిటన్‌లోనే కొనసాగాలనే ప్రొటెస్టెంట్లకూ, ఐర్లాండ్‌లో కలవాలనే కాథలిక్కులకూ మధ్య ఉత్తర ఐర్లాండ్‌లో మూడు దశాబ్దాలు రక్తం పారింది. అక్కడి శాంతి చర్చలు ఎన్నోసార్లు తెగిపోయే దాకా వచ్చాయి. 1994 ఆగస్టు 31న కాథలిక్కుల పక్షాన పోరాడే ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ (ఐఆర్ఏ) కాల్పుల విరమణ ప్రకటించింది. చర్చలకు ముందే కొన్ని ఆయుధాలైనా అప్పగించాలని లండన్ పట్టుబట్టింది. అది లొంగిపోవడమేనని ఐఆర్ఏ మొండికేసింది. ఈ పీటముడి వీడకుండానే, 1996 ఫిబ్రవరి 9న లండన్ డాక్‌లాండ్స్‌లో ఐఆర్ఏ లారీ బాంబు పేలి ఇద్దరు మరణించారు.

బ్రిటిష్, ఐరిష్ ప్రభుత్వాలు చర్చలను రద్దు చేయలేదు. ఆ నెలాఖరుకే జూన్ 10ని ముహూర్తంగా ప్రకటించాయి. ఐఆర్ఏ రాజకీయ పక్షమైన షిన్ ఫేన్‌కు మాత్రం కాల్పుల విరమణ తిరిగి అమలయ్యేదాకా ప్రవేశం లేదన్నాయి. బాంబుకు భయపడి తేదీ ఇచ్చారన్న విమర్శ వచ్చింది; అందులో కొంత నిజం లేకపోలేదు. అమెరికా మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ అధ్యక్షతన చర్చలు మొదలైన అయిదు రోజులకే మాంచెస్టర్ నగర కేంద్రం మరో ఐఆర్ఏ బాంబుకు ధ్వంసమైంది. అయినా మిగతా పార్టీలు బల్ల దగ్గరే కూర్చున్నాయి.

1997 మే నెలలో టోనీ బ్లెయిర్ ప్రధాని అయ్యారు. ఆయుధాల అప్పగింత చర్చలకు షరతుగా కాక, చర్చలతోపాటే సాగవచ్చన్న దారి తెరుచుకుంది. జూలైలో ఐఆర్ఏ మళ్లీ తుపాకులు దించింది, సెప్టెంబరులో షిన్ ఫేన్ లోపలికి వచ్చింది. హింసను విడనాడతామన్న మిచెల్ సూత్రాలకు ప్రతి పార్టీ కట్టుబడాలి. 1998 ఫిబ్రవరిలో ఐఆర్ఏ హత్యలు చేసిందని తేలడంతో షిన్ ఫేన్‌ను రెండు వారాలకు పైగా బయట ఉంచారు, తర్వాత రానిచ్చారు. శిక్షకు గడువు ఉండటమే ఈ పద్ధతిలోని కిటుకు. అంతకు ముందు నెలలో ప్రొటెస్టెంట్ సాయుధ ముఠాల ఖైదీలు చర్చలకు మద్దతు ఉపసంహరిస్తే, బ్రిటిష్ మంత్రి మో మోలం స్వయంగా మేజ్ జైలుకు వెళ్లి వారిని ఒప్పించారు. చాలామంది ఆమెను తప్పుపట్టారు.

ఏప్రిల్ 10న గుడ్‌ఫ్రైడే ఒప్పందం కుదిరింది. ఆగస్టు 15న ఓమా పట్టణంలో ఐఆర్ఏ చీలిక వర్గం పెట్టిన బాంబుకు 29 మంది బలయ్యారు. ఒప్పందాన్ని చంపాలన్నదే వారి ఎత్తు. ప్రభుత్వాలు చట్టాలను కఠినం చేశాయి గానీ, ఆ నేరాన్ని షిన్ ఫేన్‌కు అంటగట్టలేదు. షిన్ ఫేన్ నేత జెర్రీ ఆడమ్స్ దాడిని ఖండించారు. సెప్టెంబరులో ఆయన, ప్రొటెస్టెంట్ నేత డేవిడ్ ట్రింబుల్ తొలిసారి ముఖాముఖి కూర్చున్నారు.

ఆ తర్వాత కూడా, ఒప్పందం ప్రకారం ఏర్పడిన అసెంబ్లీ పలుమార్లు స్తంభించింది, 2002 నుంచి అయితే ఏకంగా నాలుగున్నరేళ్లు. ఐఆర్ఏ ఆయుధాలను పనికిరాకుండా చేశారని 2005లోగానీ నిర్ధారణ కాలేదు. ఈ ఓపిక ఒప్పందాన్ని కాపాడింది, దాన్ని కుదిర్చిన మితవాదులను కాపాడలేకపోయింది. 2007 మే 8న అధికారం పంచుకున్నది ఒప్పందాన్ని తిట్టిపోసిన ప్రొటెస్టెంట్ నేత ఇయాన్ పైస్లీ, ఒకప్పటి ఐఆర్ఏ నాయకుడు మార్టిన్ మెక్‌గిన్నెస్. నోబెల్ శాంతి బహుమతి పంచుకున్న ట్రింబుల్ అప్పటికే, 2005 ఎన్నికల్లో, తన పార్లమెంటు స్థానాన్ని కోల్పోయారు.