తడి లేని యింట పురుగు నిలువదు

తొలకరి జల్లులు నేలను తడిపిన నాటినుండి మన యిండ్లలోనికి పిలువని చుట్టములు కొన్ని వచ్చుచుండును. గోడవారగా మెల్లగా ప్రాకు రోకలిబండలు ఒక రకము. బూడిదరంగు కలిగి, శనగగింజయంత యుండి, తాకినంతనే గోళీవలె ముడుచుకొనునవి మరియొక రకము. ఈ రెండవ వానిని ఈ ప్రసంగమున గోళీపురుగులని పిలిచెదము. స్నానాలగది మూలలందు, నీళ్లకుండ క్రింద, గడప సందులలో ఇవి కనబడగానే పలువురు గృహస్థులు పురుగుమందు పొడికై వెదకుదురు. మందు చల్లుటకు ముందు, అసలీ ప్రాణి మన యింటి కేల వచ్చెనో తెలిసికొనుట మేలు.

గోళీపురుగు నిజమునకు కీటకము కాదు. కీటకమునకు కాళ్లు ఆరు. ఎదిగిన గోళీపురుగునకు పదునాలుగు. రొయ్యలును, పీతలును దీనికి దాయాదులు. నీటిని విడిచి నేలపై కాపురమున్నను, దీని శ్వాసావయవములు పొట్టక్రింద మొప్పలవలె నుండును. అవి తడిగా నున్నంతవరకే దానికి ఊపిరి. రోకలిబండ వేరొక తెగకు చెందినది. దాని దేహమున చాల కణుపులకు రెండేసి జతల కాళ్లుండును. తేమను నిలుపుకొను శక్తి దాని చర్మమునకును తక్కువయే. జెర్రివలె ఇవి కరచునవి కావు. మన బియ్యము, బట్టలు వీనికి అక్కరలేదు. కుళ్లిన ఆకు, పుచ్చిన కట్టె వీని ఆహారము.

నేలకొండపల్లి ప్రాంతమునే చూతము. భక్త రామదాసుగా ప్రసిద్ధి గాంచిన కంచర్ల గోపన్న జన్మించిన గ్రామమిది. ఆ చెంతనే పాలేరు జలాశయము. దానికి నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు చేరును. కాలువ క్రింద వరిచేలు, పెరళ్లలో గడ్డివాములు, పేడదిబ్బలు, వంటకట్టెలు. జూన్ మొదలు సెప్టెంబరు వరకు వానలు పడగా పెరటినేల నీటితో నిండును. అప్పుడీ ప్రాణులు మెరకకు ప్రాకును. మన యరుగును, గడపయు వానికి మెరకయే. భద్రాచలము వైపు అడవులలో రాలిన ఆకును నమలి మన్నుగా మార్చువానిలో ఇవియు నున్నవి. అడవికి ఉపకారియైన ప్రాణి మన యింటికి దారితప్పి వచ్చినదే గాని, పగబట్టి వచ్చినది కాదు.

ఒకప్పుడు ఇండ్లలో గమాక్సిన్ పొడిని విరివిగా చల్లెడివారు. బి.హెచ్.సి. అను ఆ మందు మట్టిలో ఏండ్లతరబడి నిలిచి, ప్రాణుల కొవ్వులో పేరుకొనును. మన దేశమున దానిని 1997లో నిషేధించిరి. వేరు పేర్లతో ఇతర పొడులు నేటికిని దొరకుచున్నవి. గడపకడ చల్లిన పొడిమీదనే పసిబిడ్డ ప్రాకును. ఆ చేతినే నోట బెట్టుకొనును. ఆ నేలమీదనే కోడి గింజలేరుకొనును. కరవని పురుగునకై బిడ్డకు విషము దాపున నుంచుట యే పాటి వివేకము? పోనీ, ఫలమైనను దక్కునా యనిన, తడి యున్నంతకాలము చచ్చినవాని స్థానమున క్రొత్తవి వచ్చుచునే యుండును.

కావున చేయవలసినది తడిని తొలగించుట. మొదట చూరునీరు గోడ మొదట పడి నిలువకుండ చిన్న కాలువ త్రవ్వి వీధివైపు పారింపవలెను. కట్టెలు, గడ్డి, ఆకుచెత్త గోడకు నాలుగైదు మూరల దూరమున నుంచవలెను. కట్టెలను రాళ్లపై ఎత్తుగా పేర్చినచో గాలి యాడును. కుండ క్రింది తడియిసుకను తీసి, ముక్కాలిపీట నమర్చవలెను. గోడపగుళ్లను సున్నముతో పూడ్చి, తలుపు క్రింది సందునకు పాత సైకిలు ట్యూబు ముక్కను మేకులతో బిగింపవలెను. వానదినములలో కల్లాపి నీరు గోడ నంటకుండ చూచుట మంచిది.

గడప వెలుపల పొడి బూడిదను సన్నని గీతగా పోయవచ్చును. అది పొడిగా నున్నంతవరకే పనిచేయును, తడిసినచో మార్చవలెను. ఉప్పు చల్లరాదు. అది గాలిలోని తేమను పీల్చి గోడకు చెమ్మ తెచ్చును, పూతను రాల్చును. వేపాకును మూలలలో గుట్టగా వేసి మరచినచో, అది తడిసి కుళ్లి వానికే విందగును.

లోపలికి వచ్చినవానిని పట్టుటకు రాత్రి గుమ్మము వెలుపల తడిపిన గోనెసంచి పరచి, దాని క్రింద గుమ్మడితొక్క నుంచుడు. తెల్లవారుసరికి అవి అచట చేరును. సంచి నెత్తి, పెంటకుప్పపై దులుపుడు. రోకలిబండను నలుపరాదు, వట్టిచేత తాకరాదు; కొన్ని రకములు స్రవించు ఘాటైన ద్రవము చర్మమునకు మచ్చ, కంటికి మంట కలిగించును. చీపురుతో చేటలోని కెత్తి పారవేయుట చాలును. పిల్లలు తాకినచో చేతులు సబ్బుతో కడుగవలెను.

ఇన్ని చేసినను జోరువాన కురిసిన రాత్రి ఒకటి రెండు లోపలికి రాకపోవు. తడి దొరకని యింట అవి ఒకటి రెండు దినములకు మించి బ్రదుకజాలవు. కాని దినదినమును ఒకే మూల కనబడుచున్నచో ఆ గోడలో నీరు దిగుచున్నదని గ్రహింపవలెను. మందుల దుకాణమునకు పోవుటకు ముందు ఆ గోడకు వెలుపలివైపు వెళ్లి చూరు నొకసారి పరీక్షింపుడని శ్రోతలకు మా మనవి.