దూకేముందు జోడు చూసుకోవాలి
ఫిగర్ స్కేటింగ్ నేర్చుకుంటున్న పెద్దలకు బూట్లు, బ్లేడ్ల ఎంపికే కీలకం

అద్దె బూట్లు తొడుక్కుని, రింక్ గోడ పట్టుకుని మంచుపై నడక నేర్చినవారు కొన్ని నెలలు తిరిగేసరికి ఒంటికాలిపై జారడం, వెనక్కు స్కేటింగ్ చేయడం, చిన్నచిన్న జంప్‌లు వేయడం వరకు వస్తారు. సొంత బూట్లు కొనుక్కోవాలన్న ఆలోచన అప్పుడే కలుగుతుంది. చాలామంది పొరపాటు పడేదీ అక్కడే. ‘ఎలాగూ కొంటున్నాం, అన్నిటికన్నా మంచివే కొందాం’ అనుకుని కొందరు అంతర్జాతీయ పోటీల క్రీడాకారులు వాడే బూట్లు ఎంచుకుంటారు. ఖర్చుకు వెరచి మరికొందరు మెత్తని ప్రారంభ స్థాయి జతతో సరిపెట్టుకుంటారు. రెండు దారులూ చివరకు చీలమండ నొప్పికి, ఆగిపోయిన సాధనకే చేరుస్తాయి.

పెద్ద వయసులో ఈ క్రీడ మొదలుపెట్టడం ఇప్పుడు వింత కాదు. అమెరికాలో పెద్దలకు ప్రత్యేకంగా జాతీయ స్థాయి పోటీలు 1995లో ప్రారంభమయ్యాయి. జర్మనీలోని ఓబర్‌స్ట్‌డార్ఫ్‌లో 28 ఏళ్లు దాటినవారికి అంతర్జాతీయ పోటీలు 2005లో మొదలయ్యాయి. అమెరికా, కెనడాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఊళ్లోనే రింక్‌లు అందుబాటులో ఉంటాయి. పిల్లలను శిక్షణకు తీసుకెళ్లి, బల్లమీద కూర్చుని చూసి చూసి తామూ మంచుపైకి దిగే తల్లిదండ్రులు అక్కడ ఉంటారు. మన దేశంలో మాత్రం రింక్‌లు అరుదు. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం దేహ్రాదూన్‌లో నిర్మించిన హిమాద్రి రింక్ వంటివి వేళ్లమీద లెక్కించదగినన్నే ఉన్నాయి. బూట్లు తొడిగి, సరిచూసి అమ్మే నిపుణులు దొరకడం ఇంకా కష్టం. అందువల్ల కొనేవారికే కొంత పరిజ్ఞానం ఉండాలి.

పాదమే కొలబద్ద

బయట తొడిగే బూట్ల సైజు చెప్పి స్కేటింగ్ బూట్లు తెప్పించుకోవడం మొదటి తప్పు. చాలా కంపెనీల స్కేటింగ్ బూట్లు మామూలు అమెరికన్ సైజు కంటే ఒకటి, ఒకటిన్నర సైజు తక్కువకు సరిపోతాయి. ఇటలీకి చెందిన ఎడియా సంస్థ మిల్లీమీటర్లలోనే సైజులు ఇస్తుంది. కాబట్టి తయారీదారు పట్టిక ముందుంచుకుని పాదాన్నే కొలవాలి. సాయంత్రానికి పాదాలు కొద్దిగా ఉబ్బుతాయి కనుక అప్పుడు కొలవడం మేలు. కాగితంపై నిలబడి, బరువంతా పాదంపై ఉంచి గీత గీయించుకోవాలి. రెండు పాదాలూ ఒకే కొలతలో ఉంటాయన్న నమ్మకం లేదు కనుక రెండింటినీ కొలవాలి. పొడవుతోపాటు వెడల్పూ చూడాలి.

బూటు తొడిగి చూసేటప్పుడు సన్నని మేజోళ్లే వేసుకోవాలి. మడమను వెనక్కు నొక్కి లేసులు కట్టుకుని నిటారుగా నిలబడితే వేళ్ల చివరలు బూటు ముందుభాగానికి తాకీతాకనట్లుండాలి. మోకాళ్లు వంచితే వేళ్లు కొద్దిగా వెనక్కు జరగాలి. మునివేళ్లపై లేచినప్పుడు మడమ బూటు నుంచి పైకి లేవకూడదు. మడమ కదులుతుంటే మందపాటి మేజోళ్లతో సర్దుకోవడం పరిష్కారం కాదు. అది ఆ పాదానికి తగిన బూటు కాదని అర్థం. పిల్లలకు కొన్నట్లు ఒక సైజు ఎక్కువ తీసుకోవడం పెద్దలకు అసలే పనికిరాదు. పాదం పెరగదు, బూటు మాత్రం పాదాన్ని వదిలేస్తుంది.

బొటనవేలి పక్క ఎముక పొడుచుకుని రావడం, అరికాలు చదునుగా ఉండడం వంటివి పెద్దల్లో తరచుగా కనిపిస్తాయి. నేటి బూట్లలో చాలావాటిని వేడిచేసి పాదం ఆకారానికి మలచవచ్చు. ఎముక ఒరుసుకునే చోట లోపలినుంచి సాగదీయవచ్చు. అయితే ఈ సర్దుబాట్లు కొద్దిపాటి తేడాలకే పనికొస్తాయి. సైజు తప్పితే సవరించలేవు.

గట్టిదనం ఎంత?

చీలమండకు ఆసరానిచ్చేది బూటు గట్టిదనం. జంప్ చేసి దిగేటప్పుడు శరీర బరువుకు కొన్ని రెట్ల ఒత్తిడి ఒంటికాలిపై పడుతుంది. దాన్ని పంచుకోవడం బూటు పని. ఇక్కడే పెద్దలకూ పిల్లలకూ తేడా వస్తుంది. 30 కిలోల బాలిక, 75 కిలోల పెద్దమనిషి ఒకే జంప్ చేసినా వారి బూట్లపై పడే భారం ఒకటి కాదు. అందుకే అదే స్థాయిలో ఉన్న పిల్లల కంటే పెద్దలకు కాస్త గట్టి బూటు అవసరమవుతుంది.

‘కాస్త’ అన్న మాటను మరవకూడదు. మరీ గట్టి బూటులో చీలమండ ముందుకు వంగదు. చీలమండ వంగకపోతే మోకాలూ తగినంత వంగదు. అప్పుడు శరీర భారం మడమలపైకి పోతుంది. జంప్‌కు ఎత్తు రాదు, దిగడంలో మెత్తదనం ఉండదు. మెత్తని బూటుతో మరో చిక్కు. చీలమండ దగ్గర ముడతలు పడి, బూటు ఒక పక్కకు వాలిపోయి కాలు మడతపడే ప్రమాదం ఉంటుంది.

కొన్ని సంస్థలు గట్టిదనాన్ని అంకెల్లో చెబుతాయి. ఎడియా తన ఓవర్చర్ రకానికి 48, కోరస్‌కు 65, ఐస్ ఫ్లైకి 85, పియానోకు 90 అని ఇచ్చింది. జాక్సన్, రిస్‌పోర్ట్, రీడెల్ వంటి సంస్థల బూట్లను ఈ అంకెలతో పోల్చలేం. ఎవరి లెక్క వారిదే. ఒక చుట్టు జంప్‌లు నేర్చుకుంటున్న పెద్దలకు సాధారణంగా మధ్య స్థాయి బూట్లు సరిపోతాయి. రెండు, మూడు చుట్ల జంప్‌లకు ఉద్దేశించిన బూట్లను ‘రేపు పనికొస్తాయి’ అని కొంటే ఈ రోజు సాధన చెడుతుంది. ప్రస్తుతం చేస్తున్న జంప్‌లు, ఈ ఏడాది నేర్చుకోబోయేవి... ఈ రెండింటినే లెక్కలోకి తీసుకోవాలి.

బ్లేడు సంగతి

స్కేటింగ్ బ్లేడు కత్తిలా ఒకే అంచుతో ఉండదు. సుమారు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉండే ఉక్కు అడుగున నిడివి పొడవునా గాడి ఉంటుంది. గాడికి ఇరువైపులా ఉన్న రెండు అంచులపైనే స్కేటర్ జారుతాడు. పక్కనుంచి చూస్తే బ్లేడు అడుగు వంపు తిరిగి ఉంటుంది. ఈ వంపు ఎక్కువగా ఏడు లేదా ఎనిమిది అడుగుల వ్యాసార్ధం గల వృత్తంలో భాగం. ముందువైపు రంపపు పళ్లలాంటి టో పిక్ ఉంటుంది.

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరం ఈ బ్లేడ్లకు పేరెన్నికగన్నది. అక్కడి జాన్ విల్సన్ సంస్థ మూలాలు 1696 నాటివి. ఆ సంస్థ తయారుచేసే కోరొనేషన్ ఏస్, అదే నగరానికి చెందిన ఎంకే ప్రొఫెషనల్ రకాలు ఒక చుట్టు జంప్‌ల దశలో ఉన్నవారు విరివిగా వాడేవి. రెండింటి వంపూ ఏడడుగులే. ప్యాటర్న్ 99, గోల్డ్ సీల్ వంటివి పై స్థాయివి, వాటి వంపు ఎనిమిది అడుగులు. పెద్ద పళ్లున్న బ్లేడు అలవాటు లేనివారిని ముందుకు తూలిపడేస్తుంది. ఏడడుగుల వంపు నుంచి ఎనిమిదికి మారినవారికి స్పిన్‌లో నిలిచే బిందువు సైతం మారినట్లనిపిస్తుంది. అందువల్ల ఖరీదైన బ్లేడు వేస్తే జంప్ దానంతటదే వస్తుందనుకోవడం భ్రమ. డబ్బు పరిమితంగా ఉంటే ముందు బూటుకే కేటాయించాలి.

బిగింపు, పదును

బ్లేడును మొదట తాత్కాలిక రంధ్రాల్లో కొద్ది మరలతోనే బిగించాలి. మంచుపై తిరిగి చూసినప్పుడు కాలు ఒక పక్కకే లాగుతుంటే బ్లేడును కొంచెం జరపవచ్చు. సరిపోయిందని తేలాకే మిగిలిన మరలు బిగించాలి. తోలు అడుగున్న బూట్లయితే తేమ చేరకుండా ముందే పూత వేయించాలి.

గాడి వంపు వ్యాసార్ధాన్ని అంగుళంలో భాగంగా చెబుతారు. అంకె చిన్నదైతే గాడి లోతు ఎక్కువ. అర అంగుళం కంటే 3/8 అంగుళం గాడి మంచును గట్టిగా పడుతుంది. బరువైన వ్యక్తి అంచు సహజంగానే మంచులోకి దిగుతుంది కనుక పెద్దలకు మరీ లోతైన గాడి అక్కర్లేదు. సుమారు 20 నుంచి 30 గంటల స్కేటింగ్‌కు ఒకసారి పదును పెట్టించాలి. ఆ పని ఫిగర్ బ్లేడ్లు తెలిసినవారికే అప్పగించాలి. హాకీ స్కేట్లకు టో పిక్ ఉండదు. ఆ పనికే అలవాటుపడిన చేతులు టో పిక్ కింది పన్నును అరగదీస్తే బ్లేడు తీరే మారిపోతుంది.

ఖర్చు, మన్నిక

మధ్య స్థాయి బూట్లు, బ్లేడ్లు విడివిడిగా కొంటే మొత్తం 500 డాలర్లు సులువుగా దాటుతుంది. పాత బూట్లు చవగ్గా దొరికినా అవి అప్పటికే మరొకరి పాదానికి ఒదిగిపోయి ఉంటాయి. పాత బ్లేడ్లు మాత్రం పదును పెట్టేందుకు ఉక్కు మిగిలి ఉండి, కొలత కుదిరితే వాడుకోవచ్చు.

కొత్త బూట్లను మొదటి రోజుల్లో కొద్దిసేపే వాడుతూ, పై కొక్కేలకు లేసు కట్టకుండా మోకాళ్లు వంచడం సాధన చేయాలి. ఆ దశలో జంప్‌లు వద్దు. మంచు దిగగానే బ్లేడ్లను తుడిచి గుడ్డ తొడుగులు వేయాలి. ప్లాస్టిక్ తొడుగులు నడకకే. వాటిలోనే వదిలేస్తే తుప్పు పడుతుంది. చీలమండ వద్ద లోతైన ముడతలు పడినా, బూటు పక్కకు వాలినా మార్చే సమయం వచ్చినట్లే. కాలు తిమ్మిరెక్కడం, మడమ వెనుక బుడిపె కట్టడం వంటివి వారాలు గడిచినా తగ్గకపోతే ‘అలవాటవుతుందిలే’ అని ఊరుకోక వైద్యుడిని సంప్రదించాలి.

విశాఖపట్నం వంటి చోట్ల చక్రాల స్కేట్లపై సాధన చేసేవారికీ బూటు విషయంలో ఇవే సూత్రాలు వర్తిస్తాయి. ఆర్టిస్టిక్ విభాగంలో ఇదే తరహా బూటు అడుగున బ్లేడుకు బదులు చక్రాల ప్లేటు బిగిస్తారు. మంచుపైనైనా, నేలపైనైనా శిక్షకుడికి చూపించి, తొడిగి నిలబడి, మోకాళ్లు వంచి చూశాకే డబ్బు చెల్లించడం మంచిది.